గీతకి కుడిపక్క

గ్రిమ్స్‌బీ రేవు వెనక, చాపెల్ హాల్లో
గురువారం ఆరున్నరకి క్లాసు.
చేపల ఫ్యాక్టరీ నుంచి సరాసరి వస్తాను.
మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నా
కాడ్ చేప వాసన నాకన్నా ముందే వచ్చి
నా కుర్చీలో కూర్చునుంటుంది.

మా మాస్టారు విల్ఫ్. డెబ్బయ్యెనిమిదేళ్ళు.
ట్రాలర్ల మీద సగం జీవితం, ఒడ్డున సగం.
ఎడమచేతికి మూడే వేళ్ళు.
తక్కిన రెండూ ఐస్‌లాండ్ సముద్రానికి అప్పిచ్చాడట,
వడ్డీ కూడా రాలేదట.

నోట్‌బుక్‌లో పేజీకి నిట్టనిలువునా గీత గీశాను.
ఎడమపక్క వీళ్ళు అనేది, కుడిపక్క వీళ్ళు అనుకునేది.
కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయి: కుండపోత.
కేకు ముక్క: మంచినీళ్ళు తాగినంత తేలిక.
చిక్కుడుగింజలు ఒలకబోశాడు: గుట్టు రట్టు చేశాడు.
కాలు విరగ్గొట్టుకో: ఇది దీవెన, అన్నాడు విల్ఫ్.
నిరుడు ఐసు మీద జారి నిజంగానే విరిగితే
ఒక్కరూ నన్ను అభినందించలేదు మరి.

ఎర్ర హెర్రింగ్: దారి తప్పించే దొంగ జాడ.
దీనికి మాత్రం ఒప్పుకోలేదు నేను.
రెండేళ్ళు పొగగదిలో హెర్రింగులని కొక్కేలకి గుచ్చాను,
ఎర్రబడేదాకా కాపలా కాశాను.
వాటి జాడ దొంగదేం కాదు,
ఇంకా నా జుట్టులోనే ఉంది.
మా లిథువేనియాలో అయితే అబద్ధమాడటమంటే
ఎదుటివాడి చెవులకి మాకరోనీ వేలాడదీయడం.
దగ్గొచ్చేదాకా నవ్వాడు విల్ఫ్,
తన చెవి ఒకసారి తడుముకున్నాడు.

ఓడల మాటలొస్తే అతని గొంతు మారిపోతుంది.
వాతావరణం కింద ఉన్నాను: ఒంట్లో నలతగా ఉంది.
చేదు కొస దాకా: ఎంత కష్టమైనా కడదాకా.
"అందులో చేదేం లేదు, డైవా.
ఓడలో కట్టుగుంజకి చుట్టుకుని ఉండే మోకు కొస అది.
అక్కడిదాకా వదిలేశామంటే
ఇంక వదలడానికి తాడు లేదని."

చావుకి వీళ్ళ దగ్గర ఎన్ని మాటలో!
బాల్చీ తన్నడం,
డైసీ పూలని కిందనుంచి పైకి నెట్టడం.
అన్నీ నవ్వుతూనే చెప్పాడు.
తమ్ముడి సంగతి ఎవరో అడిగితే మాత్రం
"ఫిబ్రవరిలో" అని ఊరుకున్నాడు.
దాన్ని గీతకి ఏ పక్క రాయాలో తెలియలేదు.

పోయిన గురువారం హీటరు చచ్చింది.
కోట్లు విప్పకుండా, చేతులు చంకల్లో దాచుకుని
ఊపిరి పొగలుగా వదులుతున్నాం.
"ఏం చేస్తాం," అన్నాడు విల్ఫ్ పలకమీద రాస్తూ,
"మనమంతా ఒకే పడవలో ఉన్నాం."

ఎరిట్రియా నుంచి వచ్చిన ఫ్రెవెయిని
పెన్ను కింద పెట్టింది.
ఒక్కొక్క కుర్చీనీ వేలితో లెక్కపెట్టింది.
తొమ్మిది.
"మాది నూట పద్నాలుగు," అంది. "రబ్బరు పడవ."
కాస్త ఆగి,
"దిగింది అరవై మూడు."

ఆమె ఇంగ్లీషులో ఒక్క తప్పూ లేదు.
ఇంత సూటి వాక్యం ఆ గదిలో
అంతవరకూ ఎవరూ పలకలేదు.

విల్ఫ్ డస్టర్ వెతకలేదు,
మూడువేళ్ళ చేత్తోనే పలక తుడిచాడు.
"ఆ మాట కట్టినవాడు
ఒడ్డున కూర్చుని కట్టుంటాడు," అన్నాడు.
ఆపైన ఏం చెప్పాలో తోచలేదు కాబోలు
ఫ్లాస్కులో టీ మొత్తం ఆమె కప్పులోకే ఒంపేశాడు.
ఆమె తాగింది. చక్కెర ఎక్కువైందని కూడా చెప్పింది.

నా పేజీలో ఆ పడవ ఎడమపక్కనే ఉంది.
కుడిపక్కకి ఏమీ రాయలేదు.

బస్ స్టాప్‌లో ఇద్దరికీ ఒకే గొడుగు,
అదీ ఒక ఊచ విరిగింది.
వాన జోరెక్కింది.
"కుక్కలూ పిల్లులూ," అంది ఫ్రెవెయిని ఉన్నట్టుండి.
గొడుగు బయటకి చెయ్యి చాపి
తడిసేదాకా అలాగే ఉంచి చూసింది.
"ఒక్కటీ కరవట్లేదు," అంది.